రక్షకుడూ, రక్షితులూ

అంతులేని బలం వున్న మనిషి ఒకడు, ఆ బలాన్నంతా మంచికే వినియోగించాలని నిజాయితీగా సంకల్పించుకుంటే, అతను ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?

అంతులేని బలం ఎవరికీ వుండదు గనక ఇది ఉత్త ఊహాప్రశ్న అనిపించవచ్చు. కాని నలుగురికన్నా కాస్త ఎక్కువ బలం వున్న ప్రతివాడికీ – ఆ బలం అధికారం కావచ్చు, చదువు కావచ్చు, డబ్బు కావచ్చు – ఈ ప్రశ్న ఎదురవుతూనే వుంటుంది. సూపర్‌మాన్ కథల్లో అది మరీ నగ్నంగా ఎదురవుతుంది, అంతే తేడా. పిల్లల బొమ్మల మీద ఇంత ఆలోచన దండగ అనేవారికి నా సమాధానం ఒకటే. ఒక సమాజం పెద్దలకు ఏ తత్వం చెబుతున్నదో తెలియాలంటే గ్రంథాలు చదవాలి. పిల్లలకు ఏం నూరిపోస్తున్నదో తెలియాలంటే వాళ్ల బొమ్మలు చూస్తే చాలు.

మరొక కారణం కూడా వుంది. ఇప్పుడు అమలులో వున్న అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం, 1938లో అచ్చయిన మొదటి సూపర్‌మాన్ కథ 2034 జనవరి 1న ఆ దేశంలో సర్వజనుల సొత్తవుతుంది. ఆనాటి కథను ఆధారం చేసుకుని ఎవరైనా కార్టూను చిత్రాలు తియ్యవచ్చు. తియ్యబోయేవి ఎట్లా వుండాలో ఇప్పటినుంచే ఆలోచించటంలో తప్పులేదు. ఆదర్శప్రాయమైన సూపర్‌మాన్ సీరియల్‌ను నేను ఎట్లా ఊహించుకుంటున్నానో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ పాత్ర పుట్టుక చూడాలి. దాన్ని సృష్టించినవాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు. వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లండ్ నగరంలో ఒకే హైస్కూల్లో చదువుకున్నారు. అవి ఆర్థికమాంద్యం అమెరికాను కుంగదీస్తున్న రోజులు. 1933లో వాళ్లు వెలువరించిన తొలి కథలో సూపర్‌మాన్ దుర్మార్గుడు. ధర్మరొట్టె కోసం వరసలో నిలబడ్డ ఒక దిక్కులేనివాణ్ణి ఒక శాస్త్రజ్ఞుడు తీసుకుపోయి మందు ఇస్తాడు. ఇతరుల మనసులు చదవగల శక్తి రాగానే వాడు లోకాన్నే ఏలబోతాడు. అయిదేళ్ల తరవాత, 1938 జూన్ తేదీతో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో, అదే పేరుగలవాడు పీడితుల పక్షాన నిలబడ్డాడు. ఒకే బలాన్ని చూసి ఆ కుర్రాళ్లు మొదట భయపడ్డారు, తరవాత దానిమీద ఆశపెట్టుకున్నారు. ఆశ ఎంత సహజమో ఆ మొదటి భయం కూడా అంత సహేతుకమైనదేనని నా అభిప్రాయం.

తొలినాటి సూపర్‌మాన్ మనకు నచ్చే మనిషి. భార్యను కొట్టేవాడికి బుద్ధిచెబుతాడు. నిరపరాధి అయిన ఒక స్త్రీని మరణశిక్ష నుంచి తప్పించటానికి అర్ధరాత్రి గవర్నరు ఇంటి తలుపులు విరగ్గొట్టుకుని పోతాడు. సెనేటరును లోబరుచుకున్న దళారీ వెంటబడతాడు. ఆయుధాలు తయారుచేసి అమ్ముకునే వ్యాపారిని యుద్ధరంగానికే ఈడ్చుకుపోయి, ఆ ఆయుధాల రుచి చూపిస్తాడు. ఆ తరవాత ఈ ఉద్రేకమంతా చల్లారింది. 1941–43 మధ్య వచ్చిన 17 కార్టూను చిత్రాలలో అతని శత్రువులు ఎక్కువగా పిచ్చి శాస్త్రజ్ఞులూ, మరమనుషులూ, యుద్ధం వచ్చాక ఎగతాళిగా గీసిన జపానువాళ్లూను. పుస్తకాల్లో బ్యాంకు దొంగలు. ఇటాలియన్ విమర్శకుడు ఉంబెర్తో ఎకో 1962లోనే ఈ విషయం పట్టుకున్నాడు. లోకాన్నే మార్చగలిగిన బలం వుండి కూడా సూపర్‌మాన్ ఒక చిన్న పరిధిలో పనిచేస్తాడనీ, అతని దృష్టిలో చెడు అంటే సొంత ఆస్తికి జరిగే హాని, మంచి అంటే దానధర్మమనీ ఎకో వాదన.

ఇంతవరకూ చదివిన అభ్యుదయవాది, "అయితే 1938 నాటి సూపర్‌మాన్‌ను మళ్లీ తెచ్చుకుంటే సరిపోతుంది" అనవచ్చు. సరిపోదని నేనంటాను. ఎందుకో చెప్పటానికి ఆ తొలి కథలలోనివే రెండు తీసుకుంటాను.

మొదటిది 1938 ఆగస్టు సంచికలోని గని కథ. గని కూలి ఒక కార్మికుడు అవిటివాడవుతాడు. సూపర్‌మాన్ గని కార్మికుడి వేషం వేసుకుని, విందులో మునిగివున్న యజమానినీ అతని అతిథులనూ గనిలోకి రప్పించి, పైకప్పు కూల్చి లోపల బంధిస్తాడు. ప్రమాద ఘంట మోగదు, రక్షణ సాధనాలేవీ పనిచెయ్యవు. పట్టుబట్టల్లో మట్టి తవ్వవలసి వచ్చిన యజమానికి జ్ఞానోదయమవుతుంది. ఇకమీదట తన గని క్షేమంగా వుంటుందని మాట ఇస్తాడు. కథ చదవటానికి సరదాగా వుంది. కాని ఇందులో గని కార్మికులు ఏం చేశారు? ఒకడు గాయపడ్డాడు, విలేకరి అడిగితే గోడు చెప్పుకున్నాడు. అంతకుమించి వాళ్లకు పని లేదు. కథ మొత్తం ఒక బలవంతుడికీ ఒక ధనవంతుడి మనసుకూ మధ్య నడిచింది.

నిజమైన గనుల చరిత్ర ఇట్లా నడవలేదు. 1968 నవంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. 1969 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు గని కార్మికులు వేల సంఖ్యలో పని మానేశారు. బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కావాలన్నారు. ఆ ఏడాది చివరికి దేశమంతటికీ వర్తించే బొగ్గుగనుల ఆరోగ్య, భద్రతా చట్టం వచ్చింది. యజమాని పశ్చాత్తాపం అతనితోనే పోతుంది, వారసుడికి సంక్రమించదు. చట్టం, దాన్ని అమలు జరిపించే సంఘం నిలుస్తాయి.

రెండోది 1939 జనవరి సంచికలోని మురికివాడ కథ. పేద పిల్లలు నేరాలు చెయ్యటానికి కారణం వాళ్లు బతికే కొంపలేనని సూపర్‌మాన్ గ్రహిస్తాడు. ఆ గ్రహింపు మెచ్చుకోదగ్గదే. తుపాను దెబ్బతిన్నచోట ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టిందని పత్రికలో చూసి, తానే తుపానవుతాడు. జనాన్ని సామాన్లు తీసుకుని బయటికి పొమ్మని, వాడ మొత్తం నేలమట్టం చేస్తాడు. సైన్యం వచ్చి అతనిమీద బాంబులు వేస్తే, అవి కూడా ఇళ్లు కూల్చటానికే పనికివస్తాయి. చివరకు ప్రభుత్వం అక్కడ చక్కని భవనాలు కట్టిస్తుంది.

ఆ కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: కూల్చిననాటి నుంచి కట్టేనాటి దాకా ఆ జనం ఎక్కడ వున్నారు? కొత్త భవనాలలోకి వచ్చింది వాళ్లేనా? పదేళ్ల తరవాత చరిత్ర ఈ ప్రశ్న అడిగింది. 1949 గృహనిర్మాణ చట్టం కింద అమెరికా నగరాలలో మురికివాడలను పెద్ద ఎత్తున కూల్చారు. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లలో, ముఖ్యంగా నల్లవాళ్లలో, చాలామంది అక్కడికి తిరిగి రాలేకపోయారు. కూల్చినవాళ్లందరూ దుర్మార్గులు కారు. పేదలకు ఏం కావాలో పేదలను అడగనక్కరలేదనుకున్న మంచివాళ్లు కూడా వాళ్లలో వున్నారు.

మంచి చేసేటప్పుడు కూడా, ఆ మంచి ఎవరికి చేస్తున్నామో వాళ్లను అడగకపోతే, రక్షకుడు రక్షితుణ్ణి వస్తువుగా మారుస్తాడు. దొంగల వెంటపడే సూపర్‌మాన్‌కూ, మురికివాడ కూల్చే సూపర్‌మాన్‌కూ రాజకీయాల్లో ఎంత దూరం వున్నా ఈ ఒక్క విషయంలో తేడా లేదు. మనకూ ఈ అలవాటు కొత్తదేమీ కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు కథానాయకుడుగా వచ్చిన తెలుగు 'సూపర్‌మాన్'లో ఆ బలం హనుమంతుడి వరం. క్రిప్టన్ గ్రహం బదులు దేవుడు వచ్చాడేగాని, పైనుంచి దిగవలసిందేనన్న నమ్మకం మారలేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. వంతెన మీదినుంచి బస్సు పడిపోతూంటే ప్రయాణికులతో సభ జరపాలా అని మొదటిది. అక్కరలేదు. అడగటానికి వ్యవధి లేనిచోట పట్టుకోవలసిందే. కాని గని, మురికివాడ, యుద్ధం పడిపోతున్న బస్సులు కావు. వాటిలో జనం ఏళ్ల తరబడి బతుకుతున్నారు, వాటిని గురించి వాళ్లకు అభిప్రాయాలున్నాయి. అన్నిటినీ పడిపోతున్న బస్సుగా చూపించటమే ఇటువంటి కథల్లోని మోసం. రెండో ఆక్షేపణ మరింత గట్టిది: జనమే తప్పుచేస్తే? 1946లో సూపర్‌మాన్ రేడియో సీరియల్ ఈ ప్రశ్న ధైర్యంగా తీసుకున్నది. ఒక చైనా కుటుంబపు కుర్రాడు బేస్‌బాల్ జట్టులో చేరితే, కూక్లక్స్ క్లాన్‌ను పోలిన ముఠా ఆ కుటుంబం మీదికి వస్తుంది. అక్కడ సూపర్‌మాన్ అడ్డం నిలబడటం న్యాయం. గుంపు నొక్కేస్తున్న గొంతు కూడా అడగవలసిన గొంతే గనక, అతను ఆ గొంతును నిలబెడుతున్నాడు. బలం చెయ్యవలసిన పని నా లెక్కన ఇదే: వ్యవధి లేనిచోట వ్యవధి కల్పించటం, గొంతు లేనిచోట గొంతు నిలబెట్టటం. ఆ తరవాత నిర్ణయం అతనిది కాదు.

నేను ఊహించుకునే సీరియల్‌లో అందువల్ల ముఖ్యపాత్ర విలేకరి క్లార్క్ కెంట్‌ది. మామూలుగా అతన్ని ఒక మారువేషంగా, నవ్వులాటకు పిరికివాడుగా చూపిస్తారు. నా దృష్టిలో అతని పనే అసలు పని. మైళ్ల దూరాన వున్న మాట వినగల చెవులు అతనికి వున్నాయి. వాటిని దొంగల గుసగుసలకు కాక, ఎవరూ వినని మాటలకు వాడాలి. విన్నది పత్రికలో రాయాలి. లోయిస్ లేన్ ఏ శక్తీ లేకుండానే ఆ పని అతనికన్నా ముందు నుంచీ చేస్తున్నది. అతను ఆమె దగ్గర నేర్చుకోవాలి. ప్రతినాయకుడు లూథర్‌ను 1986 నుంచి పెట్టుబడిదారుగా చూపిస్తున్నారు, మంచిదే. ఈ సీరియల్‌లో లూథర్ అనవలసిన మాట ఒకటుంది: "నగరానికి ఏం కావాలో నగరవాసులకన్నా నాకు బాగా తెలుసు." ఆ మాట వినగానే సూపర్‌మాన్‌కు, మురికివాడ కూల్చిననాడు తానూ అదే అనుకున్నానని తట్టాలి. పిడికిళ్ల యుద్ధం కన్నా ఆ క్షణం భయంకరంగా వుంటుంది.

బొమ్మల విషయంలో నా కోరిక ఒకటే: గుంపుకు ముఖాలుండాలి. 1941 నాటి చిత్రాలలో యంత్రాలనూ, భవనాలనూ, వెలుగునీడలనూ ఫ్లైషర్ స్టూడియో అద్భుతంగా చిత్రించింది. చౌకగా తీసే చిత్రాలలో జనం కదలని తెరలా వెనక నిలబడివుంటారు. వందమంది గని కార్మికులకు వంద ముఖాలు గియ్యటమంటే ఖర్చు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పది నిమిషాల చిత్రానికి 14,400 ఫ్రేములు. ఖర్చంటే మనుషుల శ్రమ.

ఆ శ్రమ మాట ఎత్తకుండా ఆదర్శ సీరియల్ గురించి మాట్లాడటం వంచన అవుతుంది. సూపర్‌మాన్ హక్కులన్నీ సీగెల్, షుస్టర్ 130 డాలర్లకు అమ్ముకున్నారు. కోర్టుకెక్కి ఓడిపోయారు. బహిరంగంగా ఆందోళన జరిగాక, 1975లోగాని వాళ్లకు ఏటా ఇంతని భరణమూ, కథ మీద తమ పేర్లూ దక్కలేదు. ఫ్లైషర్ స్టూడియోలో 1937 మే నుంచి అక్టోబరు దాకా చిత్రకారులు సమ్మె చేశారు. రెండు ముఖ్య భంగిమల మధ్య బొమ్మలన్నీ గీసే చిన్న జీతగాళ్లు అందులో ముందున్నారు. వాళ్లను రక్షించటానికి ఆకాశం నుంచి ఎవరూ దిగలేదు. మరుసటి ఏడు స్టూడియో న్యూయార్కు వదిలి, సంఘాల బలం తక్కువగా వున్న ఫ్లోరిడాకు తరలిపోయింది. సూపర్‌మాన్ చిత్రాలు అక్కడే మొదలయినాయి. 1996లోనూ, 2023లోనూ మొదలైన సీరియళ్లకు బొమ్మల పని చాలావరకు దక్షిణ కొరియాలో జరిగింది. విదేశీ సీరియళ్లకు ఇటువంటి పని మన హైదరాబాదు స్టూడియోల్లోనూ జరుగుతూ వచ్చింది. బొమ్మలో న్యాయం పలికే సీరియల్, ఆ బొమ్మ గీసేవాళ్లను అడిగి పనివేళలూ జీతాలూ నిర్ణయించుకోకపోతే, దాని నీతి తెర అంచుల దగ్గరే ఆగిపోతుంది.

మనకూ ఇందులో పాఠం వుంది. 1864లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంఘానికి మార్క్స్ రాసిన నియమావళి, కార్మికుల విముక్తి కార్మికుల చేతిమీదుగానే జరగాలన్న సూత్రంతో మొదలవుతుంది. దాన్ని ఒప్పుకోని వామపక్షీయుడు వుండడు. అయినా జనం తరఫున మాట్లాడీ మాట్లాడీ, జనంతో మాట్లాడటం మరిచిపోయిన నాయకులు చరిత్రలో కొల్లలు. విద్యార్థి ఆలోచించవలసింది తానే ఆలోచించి నోట్సు చెప్పే మాస్టారు కూడా ఆ జాతివాడే. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మంచి మీద తొందర వున్నవాళ్లు.

నా సీరియల్‌లో గని కథ మళ్లీ వస్తుంది. గని కూలుతుంది. సూపర్‌మాన్ పైకప్పును భుజాలమీద మోస్తూ, చివరి మనిషి బయటపడేదాకా నిలబడతాడు. అక్కడ అడగటానికి వ్యవధి లేదు గనక అడగడు. ఆ సాయంత్రం కార్మికులు సమావేశమవుతారు. పని మానాలా, వద్దా? మానితే పిల్లల తిండి ఎట్లా? అందరికీ ఒకే అభిప్రాయం వుండదు. ఒక ముసలి కార్మికుడు లేచి, "మమ్మల్ని కాపాడినవాణ్ణే అడుగుదాం" అంటాడు. వెనక బల్లమీద విలేకరి క్లార్క్ కెంట్ కూచుని వుంటాడు. అతనికి ఒక అభిప్రాయం వుంది, అది సరైనదే కావచ్చు. అతను తల వంచుకుని, ఎవరు ఏమన్నదీ పేర్లతో సహా రాసుకుంటూ వుంటాడు. కాసేపటికి ఇంకొక కార్మికురాలు లేచి మాట్లాడటం మొదలుపెడుతుంది.