మూడు ఇళ్లు, ఒకే గోడ

అమెరికా పడమటి తీరాన, లాస్ ఏంజిలిస్ నగరంలో వెనిస్ అనే పేట ఉంది. ఆ పేటలో సముద్రానికి దగ్గరగా ఒక బిల్డరు ఒకే నమూనాతో మూడు కొత్త ఇళ్లు వరసగా కట్టాడు. మూడింటిలోనూ హాలుకు పడమటి వైపు నిలువెత్తు అద్దాల కిటికీ, దానికి ఎదురుగా ఒక పెద్ద తెల్ల గోడ ఉండేవి. మొదటి ఇంట్లో ఒక వ్యాపారి తన కుటుంబంతో దిగాడు. రెండో ఇంట్లో ఒక ఉద్యోగి దిగాడు. మూడో ఇంట్లో, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు దిగింది.

ముగ్గురికీ ఆ తెల్ల గోడ బోసిగా అనిపించింది. ముగ్గురూ దానిమీద స్కేట్‌బోర్డు డెక్కులు పెట్టాలనుకున్నారు. ఆ ఊళ్లో అది వింత కోరిక కాదు. 1950లలో కాలిఫోర్నియా సర్ఫర్లు సముద్రంలో అలలు లేని రోజుల్లో చెక్క పలకకు రోలర్ స్కేట్ల చక్రాలు బిగించి వీధుల్లో జారేవారు. 1970లలో కరువు వచ్చి ఈత కొలనులు ఎండిపోతే, వెనిస్, శాంటా మోనికా కుర్రాళ్లు ఆ ఖాళీ కొలనుల్లోకి దిగి ఆ ఆట తీరునే మార్చేశారు. 2009లో వెనిస్ ఇసుక ఒడ్డునే స్కేట్ పార్కు వెలిసింది. ఆ పేటలో పుట్టి పెరిగినవాళ్లకు స్కేట్‌బోర్డు ఇంటి వస్తువులాంటిదే.

చక్రాలు, ఇరుసులు బిగించక ముందు ఉండే ఒట్టి పలకను డెక్ అంటారు. మేపుల్ చెక్క పలుచని పొరలు ఏడింటిని జిగురుతో అంటించి, అచ్చులో నొక్కి దాన్ని తయారుచేస్తారు. పొడవు సుమారు 32 అంగుళాలు, వెడల్పు సుమారు 8 అంగుళాలు ఉంటుంది. కాళ్లు పెట్టే పైవైపున గరుకు పట్టీ అంటిస్తారు కాబట్టి బొమ్మను అడుగువైపు వేస్తారు. ఆడేవాడు గాల్లోకి లేచినప్పుడు ఆ బొమ్మ కనిపిస్తుంది, ఇనుప కమ్మీ మీద జారినప్పుడు అరిగిపోతుంది. గోడకు పెట్టేవాళ్లు ఆ అడుగువైపునే ముందుకు తిప్పి డెక్కును నిలువుగా తగిలిస్తారు.

వ్యాపారి ఏది కొన్నా రేపు దాని ధర ఎంత పలుకుతుందో ముందుగా ఆలోచించేవాడు. 2019 జనవరిలో సోద్‌బీస్ వేలంలో సుప్రీమ్ సంస్థ డెక్కుల పూర్తి సేకరణ, మొత్తం 248 పలకలు, 8 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందని అతడు విన్నాడు. అదే సంస్థ కోసం 2006లో జెఫ్ కూన్స్, 2009లో డేమియన్ హర్స్ట్ లాంటి పేరుమోసిన కళాకారులు బొమ్మలు ఇచ్చారని కూడా విన్నాడు. ఇంక ఆలస్యం చేయలేదు. దళారుల ద్వారా అలాంటివి ఎనిమిది డెక్కులు కొని తెచ్చాడు.

మీద చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పితే ధర పడిపోతుందని దళారి హెచ్చరించాడు. అందుకని వ్యాపారి దాన్ని విప్పకుండానే డెక్కులను అద్దాల పెట్టెల్లో పెట్టించి తెల్ల గోడకు బిగించాడు. మధ్యాహ్నం కాగానే పడమటి ఎండ నేరుగా గోడమీద పడింది. ఎండకు రంగులు వెలుస్తాయని తెలిసి అతడు కిటికీకి దట్టమైన తెరలు కట్టించాడు. తెరలు వేయడంతో సముద్రం కనిపించకుండా పోయింది. పట్టపగలే హాల్లో దీపాలు వెలిగించాల్సి వచ్చింది. పిల్లలు బంతి ఆడితే అద్దాలు పగులుతాయని వాళ్లను హాల్లోకి రానివ్వలేదు. చివరికి ఇంట్లోవాళ్లంతా వంటగదిలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. హాల్లో డెక్కులు మాత్రమే మిగిలాయి.

ఉద్యోగికి ధరల మీద ధ్యాస లేదు. వచ్చినవాళ్లు తన ఇంటిని మెచ్చుకోవాలన్నదే అతడి ఆశ. ఒక పత్రికలో బూడిద రంగు సోఫా, పైన మూడు బూడిద రంగు డెక్కులు చూసి, అచ్చంగా అలాగే పెట్టించుకున్నాడు. ఒక స్నేహితుడు వచ్చి గది చప్పగా ఉందన్నాడు. అవి తీసేసి ఐదు రంగుల డెక్కులు ఏటవాలుగా పెట్టాడు. మరో స్నేహితుడు వచ్చి అది పిల్లల గదిలా ఉందన్నాడు. అవీ తీసేసి ఒకే పెద్ద డెక్కును అడ్డంగా పెట్టాడు. ఆ తర్వాత డెక్కులకు నప్పలేదని సోఫా మార్చాడు, సోఫాకు నప్పలేదని మళ్లీ డెక్కులు మార్చాడు.

మార్చినప్పుడల్లా గోడకు కొత్త రంధ్రాలు పడ్డాయి. పాతవాటిని లప్పంతో పూడ్చి పైన రంగు పూశాడు. పూడ్చినచోట రంగు ఒక పిసరు తేడాగా కనిపించింది. ఆ మచ్చలు కప్పడానికి ఇంకా కొన్ని డెక్కులు కొన్నాడు. కొన్నాళ్లు నిలిచిన డెక్కులు ఎండకు వెలిసిపోయాయి. తీసేసినవన్నీ గ్యారేజీలో గుట్టగా పేరుకున్నాయి. కారు వీధిలోకి వచ్చింది.

నర్సు ఏదీ కొనలేదు. ఆమె ముందు టేపు తీసుకుని డెక్కు కొలతలు తెలుసుకుంది. పాత న్యూస్ పేపర్లను అదే పొడవు, అదే వెడల్పుతో మూడు ముక్కలుగా కత్తిరించి తెల్ల గోడకు అంటించింది. రాత్రి డ్యూటీ ముగించుకుని రోజూ తెల్లవారేసరికి ఇంటికి వచ్చేది. కాసేపు వాటి ముందు నిలబడేది. ఒక్కోసారి కాగితాలను పైకి జరిపేది, ఒక్కోసారి కిందికి జరిపేది. వాటి మధ్య ఎడం పెంచి చూసేది, తగ్గించి చూసేది.

కొన్ని వారాలు గడిచేసరికి ఆ కాగితాలు పసుపుబారి పెళుసెక్కాయి. పడమటి ఎండ ఆ గోడను ఎంతసేపు కాస్తున్నదో ఆమెకు అప్పుడు అర్థమైంది. తాను పగలు నిద్రపోతుంది కాబట్టి ఆ ఎండను ఒక్క రోజూ కళ్లారా చూడలేదు. ఇంకో సంగతి కూడా గ్రహించింది. ఆ ఇంట్లో తాను హాయిగా కూర్చునేది పొద్దున్నే, తిండి తినే బల్ల దగ్గర. అక్కడి పక్క గోడమీద ఏ వేళా నేరుగా ఎండ పడదు, వెలుతురు మాత్రం ఉంటుంది. ఆమె పెద్ద గోడను వదిలేసి కొత్త కాగితాలను ఆ చిన్న గోడకు అంటించింది. నిలబడ్డవాళ్లకు కాకుండా కూర్చున్నవాళ్ల కంటికి సరిపోయేలా వాటిని కిందికి దించింది.

ఇంకొన్నాళ్లు అలా చూసుకున్న తర్వాతే ఆమె వీధి చివర ఉన్న స్కేట్ దుకాణానికి వెళ్లింది. అక్కడ ఒక స్థానిక చిత్రకారుడు వేసిన మూడు డెక్కులు ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెడితే నీళ్లలోకి దూకుతున్న పెలికాన్ పక్షి కనిపించేది. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆమె రోజూ ఒడ్డున చూసే పక్షి అదే. ధర ఆమె జీతానికి అందేదే. వాటిని తెచ్చి, ఇరుసులు బిగించడానికి ఉండే రంధ్రాల గుండా గట్టి తాడు దూర్చి, మేకులకు తగిలించింది. పెద్ద గోడను తెల్లగానే ఉంచేసింది. సాయంత్రం పూట సూర్యాస్తమయపు రంగులు ఆ గోడమీద పడేవి.

ఆ పేటలోనే ఒక వృద్ధుడు ఉండేవాడు. 1985లో జిమ్ ఫిలిప్స్ శాంటా క్రూజ్ సంస్థ కోసం గీసిన అరిచే చెయ్యి బొమ్మ స్కేటర్లందరికీ తెలిసిపోయిన రోజుల్లో, అతడు డెక్కుల మీద బొమ్మలు అచ్చువేసే పని చేసేవాడు. అప్పట్లో అది స్క్రీన్ ప్రింటింగ్ పని. ఒక్కో రంగుకు ఒక్కో తెర కట్టి, ఒక రంగు ఆరాక ఇంకొకటి వేయాలి. వంపు తిరిగిన పలకమీద రంగు ఒక వెంట్రుక వాసి జరిగినా బొమ్మ చెడుతుంది. తర్వాత ఫిల్మ్ మీది బొమ్మను వేడితో ఒక్కసారే చెక్కకు అతికించే యంత్రాలు వచ్చాయి. అతడు పని మానుకున్నాడు. సాయంత్రం పూట ఒడ్డున పిల్లలు ఆడుతుంటే చూస్తూ కూర్చునేవాడు.

వ్యాపారికి అతడి సంగతి తెలిసింది. తన డెక్కులు అసలువో నకిలీవో చెప్పగలిగినవాడు దొరికాడని సంతోషించి ఇంటికి పిలిచాడు. వృద్ధుడు వచ్చి చూశాడు. ముందు అద్దం, అద్దం వెనక ప్లాస్టిక్, గది నిండా చీకటి. అతడు తెర కొంచెం పక్కకు తీయమన్నాడు. వ్యాపారి ఒప్పుకోలేదు. కనిపించని దానిమీద తీర్పు చెప్పలేనని వృద్ధుడు బయటికి వచ్చేశాడు.

అది చూసి ఉద్యోగి అతణ్ణి తన ఇంటికి పిలిచాడు. ఇప్పుడు లోకంలో ఏ రకం డెక్కులకు మెచ్చుకోలు ఉందో తెలుసుకోవాలని అతడి ఆత్రం. వృద్ధుడు గోడమీది మచ్చలు చూశాడు, గ్యారేజీలో గుట్ట చూశాడు. ఆ గుట్ట అడుగున తన చేత్తో అచ్చువేసిన పాత డెక్ ఒకటి కనిపించింది. దాన్ని ఎక్కడ, ఎందుకు కొన్నాడో ఉద్యోగికి గుర్తు రాలేదు. వృద్ధుడు దాన్ని తుడిచి, గుట్ట మీద బోర్లించి వచ్చేశాడు.

ఎండలో అలసి అతడు మూడో ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు నర్సుకు సెలవు. ఆమె అతణ్ణి లోపలికి పిలిచి, బల్ల దగ్గర కూర్చోబెట్టి సూపు, రొట్టె పెట్టింది. అతడు తినడానికి తల వంచి, మళ్లీ ఎత్తేసరికి పెలికాన్ సరిగ్గా కంటికి ఎదురుగా ఉంది. తినడం ముగించి లేచాడు. ఒక డెక్కును మేకు నుంచి తీసి చేతిలోకి తీసుకున్నాడు. ఆమె వారించలేదు. అతడు బొటనవేలితో బొమ్మను తడిమాడు. రంగు వేలికి దళసరిగా తగిలింది. అది తెర కట్టి చేత్తో వేసిన అచ్చు అని అతడికి తెలిసిపోయింది. ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారని తెలిసి అతడి ముఖం వికసించింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని ఆ పని మెలకువలన్నీ ఆమెకు వివరించాడు. ఆ తర్వాత ఆమెకు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు. కొన్నాళ్లకు దుకాణంలోని చిత్రకారుడు కూడా రావడం మొదలుపెట్టాడు. ఆ చిన్న గోడ ముందు నలుగురు చేరే చోటు ఏర్పడింది.

పక్కింటివాళ్లిద్దరికీ ఇది ఆశ్చర్యం కలిగించింది. ఇద్దరూ ఒకరోజు ఆమె ఇంటికి వచ్చి చూశారు.

వ్యాపారి బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తాను కొన్న బొమ్మలను కొన్న రోజు తర్వాత ఒక్కసారైనా తీరిగ్గా చూడలేదని అతడికి స్ఫురించింది. ఇంటికి వెళ్లి ఐదు డెక్కులు అమ్మేశాడు. మిగిలిన మూడింటికీ ప్లాస్టిక్ విప్పి, ఎండ పడని గోడకు మార్చాడు. కిటికీ తెరలు తీయించాడు. పిల్లలు మళ్లీ హాల్లోకి వచ్చారు.

ఉద్యోగి మాత్రం ఎక్కువసేపు కూర్చోలేదు. దుకాణం పేరు అడిగి తెలుసుకుని, అదే చిత్రకారుడి చేత అలాంటివే మూడు పెలికాన్ డెక్కులు వేయించాడు. వాటిని తెచ్చి తన తెల్ల గోడమీద, నిలబడ్డవాళ్ల తల ఎత్తులో పెట్టాడు. మరుసటి వేసవి ముగిసేసరికి ఆ పక్షి వెలిసిపోయింది. అతడు దాన్ని గ్యారేజీలో పడేసి మళ్లీ పత్రికలు తిరగేయడం మొదలుపెట్టాడు.

నీతి: ధర చూసి తెచ్చుకున్న అందానికి మనం కాపలా కాయాల్సి వస్తుంది, పదిమంది కళ్లు చూసి తెచ్చుకున్న అందం వెంట మనం పరుగెత్తాల్సి వస్తుంది. మన ఇంటి వెలుతురును, మన రోజు గడిచే తీరును తెలుసుకుని తెచ్చుకున్న అందం ఒక్కటే మనకు ఉపయోగపడుతుంది, ఆ తెలివిడి పక్కింటి నుంచి అరువు తెచ్చుకుంటే వచ్చేది కాదు. కాబట్టి గోడకు ఏదైనా కొనాలనుకున్నప్పుడు ముందు కాగితం కత్తిరించి అంటించండి, కొన్నాళ్లు దాని ఎదురుగా కూర్చోండి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.