బుజ్జాయితో భాగ్యనగరం

సెలవులకు రెండేళ్ల పిల్లాడితో హైదరాబాద్ వెళ్తున్నారా? రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు, వేరే బెర్తు అడగకపోతే, టికెట్ అక్కర్లేదు. చిక్కంతా ఊరు చేరాకే. గోల్కొండ మెట్లెక్కేటప్పుడు వాడు చంక దిగడు, మీ నడుం సంగతి ముందే ఆలోచించుకోండి. చార్మినార్ 1591 నాటిదంటే వాడికేం పడుతుంది? పక్కన మక్కా మసీదు ముంగిట పావురాలు చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, గంటగంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు మాత్రం కళ్లార్పడు. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు! జనం ఎక్కువ, భుజాన ఎక్కించుకోండి. ఆ తర్వాత వాడి నిద్ర చెడగొట్టకండి. పూటకు ఒక్కచోటు చాలు, మిగతావి కొట్టేయండి. మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు, చూసుకుని బయల్దేరండి.