కాళ్లమీది నీలి గీతలు

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూరు నిలువుకాళ్లమీద లేచిన పట్టణము. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపింపబడి, 1912లో సాక్చిలో మొదటి ఉక్కు తయారైనది. ఆ పనిని వెదకుకొనుచు ఉత్తరాంధ్రమునుండి అనేక తెలుగు కుటుంబములు వచ్చి అక్కడ స్థిరపడినవి. కొలిమియొద్ద పురుషులు నిలిచిరి; పొయ్యియొద్ద, బడిలో, ఆసుపత్రి వార్డులో స్త్రీలు నిలిచిరి. అట్లు నిలిచిన కాళ్లమీద, ముఖ్యముగా కాన్పుల తరువాత, సాలెగూటి దారములవంటి నీలి, ఎర్రని గీతలు పొడచూపుట సాధారణము. వయస్సు, వంశపారంపర్యము కూడ ఇందుకు కారణములే.

వైద్యులు వీటిని స్పైడర్ వెయిన్స్ అందురు. ఒక మిల్లీమీటరుకంటె సన్నని ఈ సిరలు సామాన్యముగా హాని చేయవు. వీటిని పోగొట్టుటకు స్క్లెరోథెరపి అను చికిత్స కలదు. సన్నని సూదితో పోలిడోకనాల్ వంటి మందును సిరలోనికి ఎక్కింతురు. అది సిర లోపలి పొరను దెబ్బతీయగా గోడలు అంటుకొని, కొన్ని వారములలో గీత మాసిపోవును. తరచుగా ఒక విడతతో పని ముగియదు. కొందరికి గోధుమరంగు మచ్చ మిగులును. అరుదుగా పుండు పడును, రక్తము గడ్డకట్టును. గర్భిణులకు సాధారణముగా ఈ చికిత్స చేయరు. పాత గీతలు పోయినను, క్రొత్తవి రావను హామీ లేదు.

బాధపెట్టని గీతకొరకు సూది పొడిపించుకొనుట పాపమా? అది వ్యర్థాలంకారమని కొందరు తేల్చివేయుదురు. అయితే అట్లు తీర్పు తీర్చువారు నెరసిన తలకు రంగు వేయుటను, వంకర పళ్లను సరిచేయించుటను తప్పు పట్టరు. సమూయేలు ప్రవక్త సహితము ఏలీయాబు ఎత్తును చూచి పొరబడెను. పైరూపమును చూచి గొప్ప చేయుట ఎంత పొరపాటో, పైరూపమును సరిచేసికొన్నవారి హృదయమును తామే చదివితిమనుకొనుట అంత పొరపాటు.

ప్రశ్న సూదిని గూర్చినది కాదు, సిగ్గును గూర్చినది. ఆ గీతలను చూచి స్త్రీ ఎందుకు సిగ్గుపడును? పెండ్లిచూపులలో ఎవరో పెదవి విరిచి యుందురు. అత్తవారింట ఎవరో వెక్కిరించి యుందురు. సిరను మూయు మందు కలదు గాని, ఎగతాళి చేయు నోటిని మూయు మందు ఏ వైద్యునియొద్దను లేదు. ఆ నోరు సంఘములోనిదైనయెడల, చికిత్స అవసరమైనది ఆ కాళ్లకు కాదు.

ఈ సిగ్గువలన నిజమైన హాని కలుగును. ఉబ్బి మెలితిరిగిన వేరికోస్ సిరలు వేరు. వాటివలన కాలు వాయును, బరువెక్కును, చీలమండయొద్ద మానని పుండు పడవచ్చును. చీరకుచ్చెళ్ల మాటున దాచుకొన్న స్త్రీ అంత ముదిరిన పిమ్మటనే వైద్యుని చేరును. కాబట్టి వాపు, నొప్పి, పుండు ఉన్నయెడల ఆలస్యము తగదు. స్కానింగు ద్వారా లోపలి సిరల స్థితి తెలియును. నడక, కాళ్లను ఎత్తుపై చాపి విశ్రమించుట, వైద్యుడు చెప్పిన బిగుతు మేజోళ్లు అనేకులకు ఉపశమనమిచ్చును.

అందముకొరకు మాత్రమే చికిత్స కోరు స్త్రీ ఒక మాట ఆలోచింపవలెను: ఇది తన స్వేచ్ఛతో చేయుచున్నదా, ఇతరుల కన్నులకు వెరచి చేయుచున్నదా? అప్పు చేసి, పిల్లల ఫీజు ఆపి చేయించుకొనుట వివేకము కాదు. అదే వీధిలో పుండుతో కుంటుచున్న పొరుగామెకు మందు లేనప్పుడు, ఆమెను మరచుటయు తగదు. ఇవి సరిచూచుకొని చేయించుకొన్న స్త్రీని నిందింపరాదు. వద్దనుకొన్న స్త్రీని చిన్నచూపు చూడరాదు.

ప్రభువు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినప్పుడు, అవి అందమైనవా కావా అని చూడలేదు. దారి నడచి అలసిన పాదములని ఎరిగెను. ఇంటికొరకు నిలిచి నిలిచి గీతలు పడిన కాళ్లను ఆ కన్నులతో చూచుట ప్రతి కుటుంబము నేర్చుకొనవలసిన మర్యాద.