పిల్లల చేతికందే గోడ

బైరెడ్డిపల్లె చుట్టుపక్కల తల్లులు టమోటా తోటల్లో కూలికి పోతే, పసిబిడ్డలు పగలంతా ఉండేది అంగన్‌వాడీ గదిలోనో, నలుగురు పిల్లల్ని కనిపెట్టుకునే పక్కింటి అవ్వ దగ్గరో. ఆ గదికి ఏ రంగన్నది పెయింటరుకు వదిలేసే సంగతి కాదు. మూడేళ్ల బిడ్డకు పగటి లోకమంతా ఆ నాలుగు గోడలే.

మనం రంగు ఎంచేది నిలబడి. ఆవు, రైలు, అక్షరమాల అన్నీ మన కంటి ఎత్తులోనే వేయిస్తాం. కింద కూర్చుని చూస్తే వేరే గోడ కనబడుతుంది: నూనె తలలు ఆనిన మరకలు, అన్నం చేతుల ముద్రలు, గోటితో గీకిన గీతలు. పిల్లలు నిజంగా వాడుకునేది ఆ గోడనే. మన పెద్దలకు ఈ తేడా తెలుసు. పైన కాస్త నీలిమందు కలిపిన సున్నం, కింద మూరెడు ఎత్తున ఎర్రజాజు. ఒక్క కిటికీ ఉన్న ఇంట్లో సున్నం వెలుతురును పంచేది, జాజు మురికిని భరించేది.

ఇప్పుడు గోడ చేత పాఠం చెప్పించాలనే ఆలోచన బలంగా ఉంది. విన్యాస్ సంస్థ యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందించిన ‘బాలా’ పద్ధతిలో తలుపు తెరుచుకునే కోణం, కిటికీ ఊచలు, నేల కూడా నేర్పే సాధనాలే. మంచిదే. అయితే కన్ను పడిన ప్రతిచోటా ఏదో ఒక పాఠం ఉంటే బిడ్డ తనంతట తాను చూసేదెప్పుడు? పేరు పెట్టకుండా, ముందే తెలిసినదాన్ని అడ్డం పెట్టుకోకుండా చూడగలమా అని 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా అడుగుతూ వచ్చారు. పసివాళ్లకు ఆ చూపు సహజంగానే ఉంటుంది. దాన్ని బొమ్మలతో కప్పేయకుండా ఉండడం మన బాధ్యత.

నా మట్టుకు నేను పైభాగాన్ని లేత సున్నపు రంగులో ఖాళీగా వదలమంటాను. కింది రెండడుగులకు నల్లబల్ల రంగు వేసి, సుద్దముక్కలు పిల్లల చేతికివ్వమంటాను. పిల్లలు గోడ నాకుతారు, పెచ్చులు నోట్లో పెట్టుకుంటారు. అందుకే పెయింటులో సీసం పది లక్షల పాళ్లకు 90 మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ వివరం చూసి కొనాలి. పాత పెయింటును పొడిగా గీకకూడదు, పిల్లలు లేనప్పుడు తడిపి తీయాలి.

డబ్బు మనది కాబట్టి రంగు ఎంచేది మనమే. గదిలో బతికేది మాత్రం వాళ్లు. తన గీతకు ఎవరూ కోప్పడని గోడ ఒకటి దొరికిన బిడ్డ, రేపు బడిలో చేయెత్తి మాట్లాడడానికి వెనుకాడదని నా నమ్మకం.