ఉలిపికట్టె

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు మనవాళ్ళు. ఆ మాటలో మెచ్చుకోలు లేదు, వెక్కిరింపే ఉంది. పదిమందితో కలిసి నడవనివాడు పొగరుబోతో తిక్కవాడో అయివుండాలన్నది లోకం తీర్పు. దానికి తోడు "నలుగురితో నారాయణా" అన్న మాట ఉండనే ఉంది. పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకొనేటప్పుడు అన్నిటికంటే ముందుగా మన చేతికి అందే సాకు కూడా ఇదే: "నేనొక్కడినేనా? అందరూ చేస్తున్నదే కదా!"

ఈ సాకును ఒకసారి గట్టిగా పట్టుకొని చూద్దాం. పరీక్ష హాలులో ఒక్కడు చీటీ చూసి రాస్తే మిగతావారికి అన్యాయం చేసినట్టే. మరి హాలు హాలంతా చీటీలు చూసి రాస్తే అన్యాయం జరిగింది ఎవరికి? నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదిది. దీన్ని కోట్లాదిమంది ఎదుట, దాదాపు ఇదే రూపంలో వేసిన మనిషి ఒకడున్నాడు. అతను అమెరికా సైకిలు పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్.

సైకిలు పందేలన్నిటిలోకీ పెద్దది టూర్ ద ఫ్రాన్స్. 1903లో మొదలైంది. జూలై నెలలో మూడు వారాలపాటు, కొండలెక్కుతూ దిగుతూ మూడువేల పైచిలుకు కిలోమీటర్లు తొక్కాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు అందులో గెలిచాడు. నిషేధించిన మందులు వాడాడని రుజువు కావడంతో 2012 అక్టోబరులో ఆ ఏడు బిరుదులనూ రద్దు చేశారు. 2013 జనవరిలో టెలివిజనులో ఓప్రా విన్‌ఫ్రే ఎదుట కూర్చొని అతను ఒప్పుకొన్నాడు. అయితే ఆ ఒప్పుకోలులో ఒక వింత మాట ఉంది. మోసం అన్న మాటకు నిఘంటువులో అర్థం వెతికాడట. ఎదుటివాడికి లేని లాభం తాను పొందడమే మోసమని అక్కడ ఉందట. పందెంలో ఉన్నవాళ్ళంతా వాడుతున్న మందే తానూ వాడాడు గనుక, ఆ రోజుల్లో తనకది మోసంగా తోచలేదట. అందరిదీ సమాన పోటీయే అనుకొన్నాడట.

మొదట ఈ "సమాన పోటీ" ఎంత సమానమో చూద్దాం. ఆ మందు పేరు ఎరిత్రోపోయిటిన్, పొట్టిగా ఈపీఓ. రక్తంలో ఎర్ర కణాలను పెంచుతుంది. కిడ్నీలు చెడిపోయి రక్తం తగ్గిపోయినవారికోసం 1980లలో తయారుచేశారు. మన డయాలిసిస్ వార్డులలో రోగులకు ఇచ్చేది కూడా ఈ మందే. రోగిని లేపి కూర్చోబెట్టే మందు ఆరోగ్యవంతుడికి ఎక్కించారు. ఎర్ర కణాలు పెరిగితే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది, కొండ తేలికవుతుంది. రక్తం మితిమీరి చిక్కబడితే గుండెకు ప్రమాదం. ఆ మందును నేరుగా పట్టే పరీక్ష అప్పట్లో లేదు. అందుకని 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఒక హద్దు పెట్టింది. రక్తంలో ఎర్ర కణాల పాలు నూటికి 50 దాటితే ఆ పందెగాడు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలి. దేవుడిచ్చిన దేహంలోనే 48 పాళ్ళు ఉన్నవాడికి ఈ మందు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. 40 ఉన్నవాడు మాత్రం మందుతో ఎంతో పైకి ఎగబాకుతాడు. పైగా మోతాదు నేర్పే వైద్యులకు డబ్బు కావాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇటలీ వైద్యుడు మికేలే ఫెరారీకి పది లక్షల డాలర్లకు పైగా చెల్లించాడని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 2012లో లెక్క తేల్చింది. మామూలు పందెగాడికి అంత సొమ్ము ఎక్కడిది?

సరే, లెక్కల సంగతి వదిలేద్దాం. అందరికీ ఒకే వైద్యుడు, ఒకే మోతాదు అనుకొందాం. అప్పుడైనా ఆ వాదం నిలుస్తుందా? జవాబు కోసం ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి గెలుపుకు ఒక సంవత్సరం వెనక్కి వెళ్ళాలి.

1998 జూలై 8వ తేదీన విల్లీ వూట్ అనే సహాయకుడిని ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ అధికారులు ఆపారు. పందెగాళ్ళ కాళ్ళు మర్దన చేసి, వాళ్ళ తిండీ నీళ్ళూ చూసే మనిషి. ఫెస్టీనా అనే గడియారాల కంపెనీ జట్టుకు పనిచేసేవాడు. అతని కారులో 400 మోతాదులకు పైగా మందులు దొరికాయి. ఆ నెల 17న జట్టును పందెం నుండి వెళ్ళగొట్టారు. జట్టు నిర్వాహకుడు బ్రూనో రూసెల్ నిజం ఒప్పుకొన్నాడు. కుర్రవాళ్ళు చాటుమాటుగా ఏవేవో పొడిచుకొని ప్రాణం మీదకు తెచ్చుకోకుండా, వైద్యుల అదుపులో ఒక పద్ధతి ప్రకారం ఇప్పించానన్నాడు. మందుల ఖర్చు కూడా పందెగాళ్ళ రాబడిలోంచే తీసేవారు.

రూసెల్ మాటను నేను వట్టి బొంకుగా కొట్టిపారేయను. 1967లో టామ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు ఉత్తేజక మందులు మింగి, ఎండలో మోంవాంతూ కొండ ఎక్కుతూ కుప్పకూలి చనిపోయాడు. తన కుర్రవాళ్ళకు ఆ గతి పట్టకూడదనుకోవడం ఒక విధంగా తండ్రి మనసే. కాని అక్కడే కిటుకు ఉంది. పాపానికి చక్కని దస్తరం, మంచి వైద్యుడు, ఖర్చుల పద్దు ఏర్పడ్డాక అది పాపంలా కనిపించదు. జట్టు పాటించే క్రమశిక్షణలా కనిపిస్తుంది. దాన్ని కాదన్నవాడే క్రమశిక్షణ లేనివాడవుతాడు.

అలా కాదన్నవాడు ఒకడు ఆ జట్టులోనే ఉన్నాడు. పేరు క్రిస్టోఫ్ బాసోన్. అతను మందు ముట్టలేదని విచారణలో తోటి పందెగాళ్ళే చెప్పారు. జట్టులో ఉన్నంతకాలం వాళ్ళు అతన్ని తరిమివేయలేదు. ముట్టకపోతే వాడి ఖర్మ, వెనకబడతాడు, అంతే. అసలు గొడవ అతను నోరు విప్పినప్పుడు వచ్చింది. 1999లో వేరే జట్టు తరఫున టూర్‌లో దిగి, ల పరిజియెన్ అనే పత్రికలో రోజూ తన అనుభవాలు రాయసాగాడు. ముందటి ఏడాది అంత అల్లరి జరిగినా వేగం తగ్గలేదు, ఈ వేగం నమ్మదగినదిగా లేదు అన్నాడు. దాంతో గుంపు అతనితో మాట్లాడటం మానేసింది. ఆల్ప్ దుయెజ్ కొండకు వెళ్ళే రోజున ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిలు పక్కకు తెచ్చి, ఇలా మాట్లాడటం తప్పు, ఎందుకు మాట్లాడుతున్నావని అడిగాడు. రేపు రాబోయే కుర్రవాళ్ళకోసం అన్నాడు బాసోన్. అయితే నువ్వు వెళ్ళిపో అన్నాడు ఆర్మ్‌స్ట్రాంగ్. సొంత జట్టు కూడా అండగా నిలవలేదు. రెండు రోజులు గడిచాక, తెల్లవారుజామున లేచి పెట్టె సర్దుకొని అతను ఇంటికి వెళ్ళిపోయాడు. 2001లో ఆ వృత్తినే వదిలేశాడు.

పందెగాళ్ళ భాషలో ఇలాంటివాడిని "సూపులో ఉమ్మేసినవాడు" అంటారు. మన భాషలో తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు. ఆ నింద ఎంత బలమైనదో అర్థం కావాలంటే సైకిలు జట్టు ఎలా బ్రతుకుతుందో తెలియాలి. ఆ రోజుల్లో టూర్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిదిమంది. గెలిచేది ఒక్కడే. మిగతా ఎనిమిదిమందీ అతనికి గాలి తగలకుండా ముందు తొక్కుతారు. వెనక్కి వెళ్ళి జట్టు కారులోంచి నీళ్ళ సీసాలు తెస్తారు. నాయకుడి చక్రం చెడితే తమ చక్రం విప్పి ఇస్తారు. ఇలాంటివారిని ఫ్రెంచివారు దొమెస్తీక్ అంటారు, అంటే ఇంటి సేవకుడు. తన పేరు కోరకుండా ఇంకొకడి గెలుపుకోసం ఊపిరి ధారపోసే ఈ త్యాగం గొప్పది. ఏ ఆటలోనూ ఇంత బాహాటంగా కనిపించదు. మన యువజన సంఘాల సభలో చెప్పుకోదగిన ఆదర్శం. పాపం ఎప్పుడూ సుగుణం వీపు మీదే ఎక్కి ఊరేగుతుందని పెద్దలు హెచ్చరించింది ఇందుకే. ఇక్కడ అది ఎక్కిన వీపు విధేయతది. నీళ్ళు మోసే విశ్వాసమే రహస్యాన్నీ మోసింది.

2004లో ఇంకొకటి జరిగింది. ఫెరారీ వైద్యుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఫిలిప్పో సిమియోని అనే ఇటలీ పందెగాడు ఒకరోజు గుంపును విడిచి ముందుకు దూసుకుపోయాడు. అప్పటికే గెలుపు ఖాయమైన ఆర్మ్‌స్ట్రాంగ్ పనిగట్టుకొని అతని వెంటపడి, వెనక్కి రప్పించాడు. తిరిగి వచ్చాక కెమెరా వైపు చూసి, పెదవులకు జిప్పు వేసుకొన్నట్టు సైగ చేశాడు. ఆ రోజు గుంపులో ఎంతమంది ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మెచ్చుకొన్నారో తలచుకొంటే బాధ కలుగుతుంది. సిమియోనికి దక్కినవి తిట్లు.

రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1987 నాటి విశ్వలేఖలో "పాప నిర్మాణాలు" అన్న మాట వాడారు. ఒక్కరి పాపం ఇంకొకరి పాపంతో అల్లుకొని, అలవాటై, వ్యవస్థగా గడ్డకట్టి, తరువాత వచ్చేవాడికి పాపం చేయడం తేలికగాను చేయకపోవడం కష్టంగాను మార్చేస్తుంది. అయితే వారు ఒక జాగ్రత్త కూడా చెప్పారు. ఆ నిర్మాణం వెనుక ఎప్పుడూ మనుషులే ఉంటారు, వారి సొంత నిర్ణయాలే ఉంటాయి. వ్యవస్థ అనే మాట చాటున ఎవరూ దాక్కోలేరు. ఇతరుల పాపాన్ని బయటపెట్టవలసిన, ఆపవలసిన బాధ్యత ఉండి మౌనం వహించినా ఆ పాపంలో భాగం ఉందని శ్రీసభ సత్యోపదేశం 1868వ పేరాలో చెబుతోంది. నాబోతు కథ మనకు తెలిసిందే. యెసెబెలు రాసిన ఉత్తరాన్ని ఊరి పెద్దలంతా కలిసి అమలుచేశారు. రాళ్ళు విసిరినవారిలో ఏ ఒక్కడినీ పట్టుకొని నువ్వే చంపావని అనలేము. కాని నాబోతు చచ్చాడు, ద్రాక్షతోట రాజుకు దక్కింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అందరూ చేస్తే ఎవరికి అన్యాయం? ఆర్మ్‌స్ట్రాంగ్ లెక్క తప్పింది ఇక్కడే. "అందరూ" అన్నప్పుడు అతను పందెంలో మిగిలినవాళ్ళనే లెక్కపెట్టాడు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోయినవాడు ఆ లెక్కలో లేడు. పద్దెనిమిదేళ్ళ వయసులో మంచి కాళ్ళు, మంచి ఊపిరి ఉండి కూడా, సూది వద్దనుకొని ఊరికి తిరిగిపోయి ఏ దుకాణంలోనో పనికి కుదురుకొన్న కుర్రవాడు అసలే లేడు. అతని పేరు ఏ పత్రికలోనూ రాలేదు గనుక అతనికి అన్యాయం జరిగినట్టు ఎవరికీ తెలియదు. ముందు కాదన్నవాళ్ళను బయటికి పంపి, తరువాత లోపల ఉన్నవాళ్ళను చూపించి, చూడండి అందరూ చేస్తున్నారు అంటే, ఆ "అందరూ" అన్న మాట తయారుచేసిన సరుకే కదా!

మందు పుచ్చుకొన్న ప్రతివాడినీ ఒకే కొరడాతో కొట్టమని నేను చెప్పడంలేదు. ఇరవై ఏళ్ళ దొమెస్తీక్‌కూ, వైద్యుడికీ, నిర్వాహకుడికీ, సంగతి తెలిసి తల తిప్పుకొన్న సంఘ పెద్దలకూ దోషంలో తేడా ఉంది. ఈ దోషాన్ని ఒక్క ఆటగాడి నెత్తిన రుద్ది చేతులు కడుక్కోరాదని, దాని వెనుక ఉన్న సంస్థలకూ బాధ్యత ఉందని 2018లో వాటికన్ క్రీడలపై వెలువరించిన పత్రం కూడా చెప్పింది. భయపడినవాడిమీద జాలి చూపవలసిందే. కాని భయపెట్టినవాడు కూడా భయపడ్డవాడి పక్కన నిలబడి, మేమంతా బాధితులమే అంటే ఒప్పుకోలేము.

క్షమ సంగతి ఇంకొంచెం కష్టం. 2012లో 26 మంది ఆర్మ్‌స్ట్రాంగ్‌మీద సాక్ష్యం చెప్పారు. వారిలో 11 మంది పాత సహచరులు. తామూ మందులు వాడామని ఒప్పుకొని, ఇంకా ఆటలో ఉన్నవారికి ఆరు నెలల నిషేధం వేశారు. అందులో ఎక్కువ భాగం పందేలు లేని చలికాలమే. ఆలస్యంగానైనా నిజం చెప్పినవారికి శిక్ష తగ్గించడం న్యాయమే, లేకపోతే ఎవరూ నోరు విప్పరు. తప్పిపోయిన కుమారుడికోసం కొవ్విన దూడను కోసే మతం మనది. అయినా పెద్ద కుమారుడి మొరలో కొంత నిజం ఉందని ఇలాంటిచోటే అనిపిస్తుంది. బాసోన్‌కు ఆరు నెలలు కాదు, ఆట మొత్తం పోయింది.

పాపసంకీర్తనంలో దొంగతనం ఒప్పుకొన్నవాడు దొంగిలించింది తిరిగి ఇవ్వాలన్నది మన పాత బోధ. జక్కయ్య మాట్లాడింది కూడా తిరిగి ఇవ్వడం గురించే, నాలుగంతలు అన్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 2018లో అమెరికా ప్రభుత్వంతో 50 లక్షల డాలర్లకు రాజీపడ్డాడు, ఎందుకంటే అతని జట్టును పోషించింది ఆ దేశపు తపాలా శాఖ. కంపెనీలకు డబ్బు లెక్క తేల్చవచ్చు. 2013లో బాసోన్‌ను కలిసి క్షమాపణ చెప్పాడు. అది మంచి పనే. 1999 జూలై నాటి తెల్లవారుజామును మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇప్పించలేదు.

ఆ ఏడు సంవత్సరాల టూర్ బిరుదులను రద్దుచేశాక వాటిని రెండో స్థానంలో వచ్చినవారికి ఇవ్వలేదు. వారిలో కొందరు అప్పటికే మందుల కేసులలో చిక్కుకొనివున్నారు. అందుకని 1999 నుండి 2005 దాకా విజేత పేరు ఉండవలసిన చోట ఖాళీగా వదిలేశారు. బాసోన్ ఆ తరువాత ఫ్రాన్స్ క్రీడల శాఖలో చేరి, బోర్దో ప్రాంతంలో ఆటగాళ్ళు మందులు వాడకుండా చూసే పని చేశాడు.