ఇరవై నాలుగో గుహ దగ్గర

బాపు ముప్పై మూడేళ్లు పాన్‌మన్‌గా పనిచేశాడు. చక్కెర ఫ్యాక్టరీ లేని ఊళ్లవాళ్లకు ఆ మాట తెలియకపోవచ్చు. చెరుకు రసం చిక్కబడి పాన్‌లోకి వచ్చాక, పాకం గింజ కట్టే ఘడియ ఒకటి ఉంటుంది. అది తప్పితే గింజ సన్నమై మొలాసిస్‌తో పాటే కొట్టుకుపోతుంది. ఆ ఘడియను కనిపెట్టేవాడు పాన్‌మన్. గాజుపలక మీద చుక్క పాకం తీసుకుని, దీపం ముందు కొంచెం వాలుగా పట్టి చూస్తాడు. అట్లా వాలిస్తేనే గింజ అంచులు మెరుస్తాయట. శక్కర్‌నగర్ క్వార్టర్‌లో మందు సీసానైనా బాపు అట్లాగే వాల్చి చూసేవాడు. అమ్మ నవ్వేది.

మొన్న దసరా సెలవుల్లో బాపును, నా భార్యను, బిడ్డను కారెక్కించుకుని అజంతా పోయాం. తెల్లవారకముందే నిజామాబాదులో బయలుదేరి బోధన్ చేరేసరికి వెలుగొచ్చింది. ఫ్యాక్టరీ దగ్గర బాపు కారు ఆపమనలేదు. కిటికీ అద్దం మాత్రం దించాడు. సీజన్‌లో ఊరు ఊరంతా మొలాసిస్ వాసన ఉండేది. ఇప్పుడు మామూలు పొద్దుటి గాలే. 1937లో మొదలై, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన నిజాం షుగర్స్ అది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో ఆగిపోయింది. బాపు అంతకు ముందే రిటైరయ్యాడు. సాలూర దగ్గర మంజీర దాటేదాకా ఆయన అద్దం ఎత్తలేదు.

నాందేడ్, జాల్నా, సిల్లోడ్ మీదుగా అటూ ఇటుగా నాలుగు వందల కిలోమీటర్లు. నిజామాబాదు ఖిల్లా గుట్ట గ్రానైటు. ఇటు పోతున్నకొద్దీ నేల నల్లరేగడి, రాయి నల్లరాయి. మా బిడ్డ గ్రూప్స్‌కి చదువుతోంది. వెనక సీట్లో కూర్చుని తనకు తానే బిట్లు చెప్పుకుంటోంది. పదహారు మహాజనపదాల్లో దక్షిణాన ఉన్నది ఏది? అశ్మక. రాజధాని? పోదన. ఆ పోదనే మన బోధన్ అని చరిత్రకారులు చాలామంది అంటారు. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే పెద్దాయన కథ ఉంది. గోదావరి ఒడ్డున, అస్సకుల, అంటే అశ్మకుల, సీమలో ఉండేవాడు. తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్ల దారిలో మొదటి మజిలీ పైఠాన్. అంటే మేం కారులో పోతున్న దిక్కుకే, రెండున్నర వేల ఏళ్ల కింద, కాలినడకన. అశ్మం అంటే రాయి అని కూడా బిడ్డే చెప్పింది. "రాళ్ల దేశమోళ్లం రాళ్లు చూడ పోతున్నం" అన్నాడు బాపు.

ఆ రాత్రి ఫర్దాపూర్‌లో పడుకుని పొద్దున్నే గుహలకు చేరాం. వాఘోరా వాగు గుర్రపు నాడాలా వంగిన చోట, ఆ వంపు పొడుగునా కొండలో తొలిచిన ముప్పై గుహలు. మా గైడుది ఆ పక్క ఊరే. నలభై ఏళ్లుంటాయి. ఆయన గుహ అనడు, 'లేణీ' అంటాడు. ఆయన తాత ఇక్కడే దొరల కోసం అద్దం పట్టేవాడట. కరెంటు లేని రోజుల్లో బయటి ఎండను అద్దంతో లోపలికి తిప్పితేనే బొమ్మ కనిపించేది. ఎనభై దాటిన బాపును మెట్ల దగ్గర డోలీ ఎక్కమంటే ముందు ఒప్పుకోలేదు. "మనుషుల మీదెక్కి పోవుడేంది" అన్నాడు. చివరికి ఎక్కాడు. దిగాక మోసిన నలుగురి చేతులూ పట్టుకున్నాడు. వాళ్లకే ఇబ్బందిగా అనిపించింది.

ఒకటో గుహలో లోపలి గదిలో పెద్ద బుద్ధ విగ్రహం. ఇక్కడి గైడ్లందరూ చూపించేదే మావాడూ చూపించాడు. టార్చి ఒక పక్కనుంచి పడితే ముఖం గంభీరంగా ఉంది, రెండో పక్కనుంచి పడితే నవ్వుతోంది, ఎదురుగా పడితే ధ్యానంలో ఉంది. నా బిడ్డ ఫోన్ తీసింది. బాపు మాత్రం గైడు చెయ్యి పట్టుకున్నాడు. "భయ్యా, జర కిందికి. ఇంకా వాల్చు." గైడు వాల్చాడు. పెదవి అంచున ఉలి దెబ్బ ఒకటి, గోరంత, నీడ కట్టి తేలింది. గైడు బాపు ముఖంలోకి చూశాడు. "కాకా, మీరేం పని చేసేవారు?" బాపు చెప్పాడు. గాజుపలక సంగతి, గింజ సంగతి. గైడుకు ఎంత అర్థమైందో గానీ, అక్కడినుంచి ఆయన మాకు గైడుగా ఉండడం మానేశాడు. బాపుకు తోడుగా నడిచాడు.

గోడల దగ్గర రంగుల కింది పూత ఊడినచోట మట్టి, వరి ఊక, గడ్డి పీచు కనిపిస్తాయి. "ఇది మన పాత ఇంటి గోడే గదరా" అన్నాడు బాపు. దాని మీద సన్నటి సున్నం పూత, ఆపైన బొమ్మ. 1819లో పులివేటకు వచ్చి ఈ గుహలను బయటి లోకానికి చూపినవాడని చెప్పుకునే జాన్ స్మిత్, పదో గుహలో చిత్రం మీదనే తన పేరు గీకాడు. పేరు గీకే మనిషి అన్ని కాలాల్లోనూ ఒక్కడే. 1920లలో నిజాం ప్రభుత్వం ఇటలీనుంచి నిపుణులను రప్పించి బొమ్మలకు వార్నిష్ పూయించింది. తరవాత ఆ పూత పసుపుపచ్చగా మారి మరో తలనొప్పి అయింది. 1956 దాకా అజంతా, బోధన్ ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఈ వార్నిష్‌కూ, నిజాంసాగర్‌కూ, మా చక్కెర ఫ్యాక్టరీకీ డబ్బులు ఒకే ఖజానానుంచి వచ్చాయి.

ఇరవై నాలుగో గుహ దగ్గర జనం ఆగరు. రంగుల్లేవు, బుద్ధుడి కథల్లేవు. పూర్తయితే అజంతాలో రెండో పెద్ద విహారం అయ్యుండేది. ఐదో శతాబ్దం చివర, వాకాటక రాజు హరిషేణుడి తరవాత కొద్దికాలానికే ఇక్కడ పని ఆగింది. గైడు కూడా మమ్మల్ని దాటించబోయాడు. బాపు నిలబడిపోయాడు.

లోపల ఒక స్తంభం సగం నునుపు, సగం మొరటు. కొన్ని ఇంకా కొండనుంచి విడివడనే లేదు. పైకప్పు ముందు తొలిచి కిందికి దిగుతూ వచ్చారు. సందులు సందులుగా తవ్వుకుంటూ పోయి, మధ్యలో మిగిలిన రాతి గట్టును తరవాత పగలగొట్టేవారు. తవ్వేవాళ్లు ముందు పోతుంటే వెనకే చెక్కేవాళ్లు వచ్చేశారు. ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే ఉంది. బాపు గోడను ముట్టుకోబోయి, బోర్డు చూసి చెయ్యి తీసేశాడు. ఉలి గీతలను కళ్లతోనే తడిమాడు. "ఈడ చూడు. వీడు కుడిచేతివాటం. ఈడికొచ్చేసరికి గీతలు అటు వాలినయి. వేరేటోడు." గైడు వంగి చూశాడు. ఇన్నేళ్లలో తాను చూడలేదన్నాడు.

నేను తలదించుకున్నాను. ఆగిపోయిన ఫ్యాక్టరీని నేనెప్పుడూ శవంలాగే చూశాను, అట్లాగే మాట్లాడాను. కాలం అన్నిటికీ అందం తెస్తుందనే మాట నాకు నచ్చదు. తుప్పు పట్టిన పాన్‌లను చూడడానికి ఎవరూ టికెట్టు కొనరు. ఈ గుహ ఆగినరోజు ఉలి కింద పెట్టి కొండ దిగినవాళ్లు ఏ ఊరు పోయారో, ఏం తిన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. పదిహేను వందల ఏళ్లు గడిచినంత మాత్రాన ఆ పూట వాళ్ల ఇళ్లలో పొయ్యి రాజుకోదు. అయినా బాపు అక్కడ పోయినదాని కోసం దుఃఖపడలేదు. షిఫ్ట్ మారినప్పుడు ముందువాడు పాన్‌ను ఏ పాకం మీద వదిలి వెళ్లాడో చూసుకునే పాన్‌మన్ లాగా చూశాడు.

ఇరవై ఆరో గుహ పూర్తయిన గుహ. ఏడు మీటర్ల బుద్ధుడు పక్కకు ఒరిగి మహాపరినిర్వాణంలో ఉంటాడు. కింద శిష్యులు ఏడుస్తుంటారు. బయట వసారా గోడ మీద సంస్కృత శాసనం. గైడు మామూలుగా చెప్పుకుపోతున్నాడు. బుద్ధభద్రుడనే భిక్షువు దీన్ని తొలిపించాడు, తన మిత్రుడైన భవ్విరాజు స్మృతికి. ఆ భవ్విరాజు అశ్మక రాజుకు మంత్రి. నా బిడ్డ "ఆగండి" అంది. "అశ్మకనా?" బిట్‌గా బట్టీపట్టిన మాట రాతిలో ఎదురైతే ఎట్లా ఉంటుందో ఆమె ముఖం చూశాక తెలిసింది. ఆ కాలపు అశ్మక రాజ్యం బోధన్‌కు పడమరగా జరిగిందంటారు. అయినా పేరు మన పేరే. లోకంలో తలుచుకునేవాళ్లు ఉన్నన్నాళ్లూ మనిషికి స్వర్గం ఉంటుందని, అందుకే కొండల మీద గుర్తు నిలపాలని ఆ శాసనం సారాంశం.

వాకాటకుల పతనం వెనక అశ్మకుల చెయ్యి ఉందని, అజంతాలో పనులు ఆగడానికి అదే కారణమని వాల్టర్ స్పింక్ అనే అమెరికా పండితుడు వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. గైడు ఆ సంగతి చెప్పగానే బాపు అడిగాడు. "అంటే, కట్టించిందీ మనోళ్లే, పని ఆపించిందీ మనోళ్లేనా?" గైడు పగలబడి నవ్వాడు. బాపు నవ్వలేదు.

నాకు మాత్రం ఆ రెండు గుహలూ అంత దగ్గరలో ఉండడం వింతగా తోచింది. పూర్తయిన గుహలో మంత్రి పేరు ఉంది, భిక్షువు పేరు ఉంది. చెక్కినవాళ్ల గీతలను నునుపు చేసి చెరిపేశారు. పని పూర్తి కావడమంటే అదే మరి. చక్కెర గింజలో కూడా పాన్‌మన్ కనిపించడు. ఇరవై నాలుగులో ఏ దాత పేరూ నా కంటపడలేదు. కుడిచేతివాటం మనిషి మాత్రం ఇంకా ఉన్నాడు.

కిందికి దిగేటప్పుడు బాపు డోలీ వద్దన్నాడు. గైడు భుజం పట్టుకుని నడిచాడు. దారిపొడుగునా ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. గైడు ఫీజుకు మించి ఇవ్వబోతే తీసుకోలేదు. బోధన్ నుంచి ఈసారి బెల్లం తెమ్మన్నాడు.

మనవైపు నుంచి అజంతా పోయేవాళ్లు ఇరవై నాలుగో గుహ దగ్గర పది నిమిషాలు ఆగండి. వెలుతురు పక్కనుంచి పడేట్టు నిలబడండి. సోమవారం మాత్రం పోకండి, ఆ రోజు సెలవు.