బలము ఎవరిది?

యువకునియందలి శక్తి యతని సొత్తా, లేక యతనిని పెంచిన సమాజము పెట్టిన భిక్షయా యను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. తైత్తిరీయోపనిషత్తు ఆనందమును కొలువబూని, సద్వర్తనుడును విద్యావంతుడును దృఢుడును బలిష్ఠుడునైన యొక యువకునికి సంపత్పూర్ణమైన భూమి యంతయు లభించినచో కలుగు సుఖమును తొలి కొలతగా గ్రహించినది. బలము చెప్పి యూరకొనక ఋషి భూమినిగూడ జోడించుట గమనింపదగినది; నిలువ చోటులేని బలము ఆనందపు లెక్కకు రాదని కాబోలు!

మెదకు పట్టణమున 175 అడుగుల శిఖరముతో నిలిచిన చర్చిని చూచినప్పుడెల్ల నాకీ ప్రశ్న మనసున మెదలును. 1914లో ఆరంభింపబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన యా మందిరమును వెస్లియన్ మిషనరీయగు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించెను. కరవున అన్నము లేక వచ్చినవారికి ఊరక వడ్డింపక, రాయి మోయించి, గోడ లేపించి, పనికి ప్రతిగా అన్నము పెట్టించెను. దొరల గడులలో, అధికారుల మకాములలో, కూలి లేని వెట్టి మాల మాదిగ పల్లెలవారికి తప్పని దినములవి. భుజమదియే, బరువదియే, కాని వెట్టిమూటను మోసినవానికి నేర్పు గలదని యెవ్వరు ననలేదు. లెక్కకు వచ్చిన పనిలోనే చేయి తన విలువ నెఱుగును. ఆ మందిరపు రంగుటద్దముల కిటికీలలోని బొమ్మలు లోన నిలిచినవారికి వెలుపలి వెలుతురున్నంతసేపే కనబడును. ప్రొద్దు గ్రుంకినపిదప అవి వట్టి నల్లని పలకలు. బొమ్మ అద్దములోనిదే, వెలుగు మాత్రము బయటిది.

ఆకలిగొన్నవానితో ఆడు కూలిబేరము సమానుల బేరము గాదనియు, దాత మతప్రచారకుడైనచో ఆ యన్నమున మఱియొక యుద్దేశము గలదనియు ఆక్షేపింతురు. ఆ యాక్షేపమును నేను త్రోసివేయజాలను. ఐనను, చేయి చాచినవానిని చేయి కదల్పనీయక పోషించుటకంటె అది మేలని నా తలంపు.

అన్నముతో పనిలేకయే యిట్టి కార్యమును సాధించినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. నాటి మెదకు జిల్లాలోని జోగిపేటయందు 1930లో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది వారే. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, రెడ్డిగారు వాదముతో తృప్తినొందక, పద్యములు పంపుడని కవులను కోరి, 354 మంది రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందఱును మహాకవులు గారు, కానక్కఱయును లేదు. తన పద్యమును అచ్చులో చూచుకొన్న పల్లెటూరి పడుచువాడు మఱునాడు కలము పట్టిన తీరు వేఱుగా నుండక మానదు.

కిష్కింధాకాండాంతమున సముద్రమును జూచి వానరులు దిగులొందగా, ఎవరెంత దూరము దుముకగలరో చెప్పుడని అంగదుడు అడుగును. గజుడు పది యోజనములనును, గవాక్షుడు ఇరువదియనును, వృద్ధుడైన జాంబవంతుడు తొంబదియనును. ఉపన్యాసకులు ఆ పిమ్మట జాంబవంతుడు హనుమంతునకు చెప్పిన ప్రోత్సాహవాక్యములనే కొనియాడుదురు. నాకు మాత్రము అంతకు ముందరి యా సభయే రమ్యము. పది యోజనములవానిని చూచి యెవరును నవ్వలేదు. యువరాజగు అంగదుడు నూరు దాటగలనుగాని తిరిగి రాగలనో లేదో సందేహమని నిండుసభలో ఒప్పుకొనెను. జాంబవంతుడు అతని శక్తిని శంకింపక, నీవు మాకు మూలమవు, నిన్ను కాచుకొనుట మా ధర్మమని వారించెను. పరీక్ష ఫలితముల దినమున మన యిండ్లలో, బడులలో, పిల్లవాడు తన సందేహమును అట్లు నోరు విప్పి చెప్పుకొనదగిన సభ యెన్నిచోట్ల గలదో యని నాకు పెద్ద యనుమానము.